ఎర్ర మూత, నారింజ మూత, మధ్యలో పండు

ఇన్సులిన్ సిరంజి కావాలని ఎవరొచ్చినా నేను వెంటనే చేతికివ్వను. "ఫార్టీయా, హండ్రెడా?" అని అడుగుతాను. సగం మంది తెల్లమొహం వేస్తారు. అయితే మందు సీసా తీసుకురండి, లేదా ఇంటికి ఫోన్ చేసి ఫోటో తెప్పించండి అంటాను. తెనాలిలో మందుల షాపు పెట్టి ఆ కౌంటర్ వెనకే ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు మావాడు చూసుకుంటున్నాడు. సాయంత్రాలు వెళ్లి కూర్చుంటాను. కళ్లజోడు మందం పెరిగిందే గానీ ఆ ప్రశ్న మాత్రం మానలేదు.

మన దేశంలో సీసా ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఇంకొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. దేని గీతలు దానివే. హండ్రెడ్ మందును ఎర్ర మూత సిరంజిలో ఒక్క గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. మనిషికే అది ప్రమాదం. అయిదారు కిలోల పిల్లికైతే చెప్పక్కర్లేదు.

మధ్యలో పిల్లి ఎందుకొచ్చిందంటారా? మా ఇంట్లో ఇన్సులిన్ వేయించుకునేది నేనూ కాదు, మా ఆవిడా కాదు. పండు.

పండు మా మనవరాలి పిల్లి. ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ "ఇల్లు దొరకగానే తీసుకెళ్తా తాతయ్యా" అని వదిలి వెళ్లింది. ఇల్లు దొరికింది, ఈలోపు వీడు మావాడైపోయాడు. నారింజ చారల గండుపిల్లి. చిన్నప్పుడే ఆపరేషన్ చేయించారు. గడప దాటడు, ఎలకని పట్టడు. పొద్దున పాలన్నం, మధ్యాహ్నం పెరుగన్నం, ఆ మధ్య వేళల్లో గిన్నె నిండా కంపెనీ గుళికలు. ఆరు కిలోలు దాటాడు. చూడవచ్చినవాళ్లు "భలే బొద్దుగా ఉన్నాడండీ" అంటే మా ఆవిడ మురిసిపోయేది.

పిల్లుల్లో షుగర్ ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఇలాంటివాటికే. నడివయసు దాటిన, ఒళ్లొచ్చిన, ఆపరేషన్ అయిన, ఇంట్లోనే కూర్చునే మగపిల్లులకి. ఈ జబ్బు మన టైప్ 2 లాంటిదే. ఒంట్లో ఊరే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, దానికి తగ్గట్టు ఇంకా ఊరించలేక క్లోమం చేతులెత్తేస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాల చుట్టూ అమిలాయిడ్ అనే మాంసకృత్తు పేరుకోవడం మనలోనూ వాటిలోనూ కనిపిస్తుంది. కుక్కల సంగతి వేరు, వాటి జబ్బు మన టైప్ 1కి దగ్గర. బర్మీస్ జాతి పిల్లులకి ఈ ముప్పు ఎక్కువని ఆస్ట్రేలియా, బ్రిటన్ డాక్టర్లు గమనించారు. దురదకో ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదే పదే చేయించినా షుగర్ రావచ్చు.

మొదట కనిపెట్టింది మా ఆవిడే. నీళ్ల గిన్నె ఖాళీ చేసి, చాలక బాత్‌రూమ్ బకెట్ మీదికి ఎక్కుతున్నాడు. ఇసుక డబ్బాలో పొద్దునకల్లా పెద్ద పెద్ద ముద్దలు. తిండి పెంచాడు, ఒళ్లు మాత్రం కరిగిపోతోంది. తర్వాత నడక మారింది. పిల్లి నడిచేది వేళ్ల మీద. వీడు వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి ఈడుస్తున్నాడు. ముసలితనం, కీళ్లవాతం అని వదిలేసేవాళ్లు చాలామంది. చక్కెర ఎక్కువై నరాలు దెబ్బతింటే వచ్చే నడక అది. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో నెమ్మదిగా సర్దుకుంటుంది.

"పిల్లికి షుగరేంటండీ, ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది ఆవిడ. నవ్వారు కూడా.

విజయవాడలో మేం చూపించే డాక్టరమ్మ గన్నవరం పశువైద్య కళాశాలలో చదివారు. రక్తం తీస్తే 400 పైన వచ్చింది. నేను అప్పుడే సిరంజి లెక్కలు మొదలుపెట్టాను. ఆవిడ ఆగమన్నారు. పిల్లికి భయమేస్తే చాలు, జబ్బు లేకపోయినా షుగర్ 300 దాటగలదట. బుట్టలో కుక్కి, బస్సు హారన్ల మధ్య అంత దూరం తెచ్చి, కొత్త మనిషి పట్టుకుని సూది గుచ్చితే ఏ పిల్లికి భయమెయ్యదు? అందుకని ఒంటేలులో చక్కెర చూశారు, ఫ్రక్టోసమైన్ పరీక్షకి పంపారు. గడిచిన ఒకటి రెండు వారాల్లో చక్కెర సగటున ఎలా ఉందో అది చెబుతుంది. మనకి చేసే మూడు నెలల పరీక్షలాంటిదే, కాలం తక్కువ. అదీ ఎక్కువే వచ్చాక గానీ మందు చీటీ రాయలేదు.

పండుకి రాసింది గ్లార్జిన్. మన షాపుల్లో లాంటస్, బాసలాగ్, గ్లారిటస్ పేర్లతో ఉండేదే, మనుషుల మందే. హండ్రెడ్ బలం. పిల్లులకి ఇది బాగా పనికొస్తుందని చాలా ఏళ్లుగా వాడుతున్నారు. అమెరికా, యూరప్ పశువైద్యులు జంతువులకని తయారైన కాన్ఇన్సులిన్, ప్రోజింక్ కూడా వాడతారు, అవి ఫార్టీ బలం. చూశారా, నా ప్రశ్న ఎక్కడికెళ్లినా వదలదు.

గ్లార్జిన్ సీసాలో ఉన్నంతసేపూ ఆమ్లగుణంతో నీళ్లలా తేటగా ఉంటుంది. చర్మం కిందికి పోగానే ఆ ఆమ్లగుణం పోయి సన్నటి పలుకులుగా పేరుకుని, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. దాని నిదానమంతా అందులోనే ఉంది. "మరీ తక్కువ మోతాదు కదండీ, నీళ్లు కలిపి పలచన చేస్తే కొలవడం తేలిక కదా" అని అడిగినవాళ్లున్నారు. చెయ్యకూడదు. ఆమ్లగుణం చెడితే మందు సీసాలోనే పేరుకుంటుంది. ఇంకో ఇన్సులిన్‌తో కలపకూడదు. తేటగా ఉండాల్సింది మబ్బుగా కనిపిస్తే పారెయ్యాలి. మనుషులకి రోజుకి ఒకసారి చాలే ఈ మందు పిల్లులకి 12 గంటలకొకసారి పడాలి. పొద్దున ఏడు, రాత్రి ఏడు. ఏడింటికి మా ఇంట్లో ఎవరూ పెళ్లికీ పేరంటానికీ బయల్దేరరు.

ఎక్కువమంది డాక్టర్లు పూటకి 1 యూనిట్‌తో మొదలుపెడతారు. ఎంత పెద్ద పిల్లయినా మొదట్లో 2 దాటరు. హండ్రెడ్ మందులో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు, చుక్కలో అయిదో వంతన్నమాట. కౌంటర్ మీద ఇరవైలు, ముప్పైలు చూసిన కళ్లకి అది ఖాళీ సిరంజిలాగే కనిపిస్తుంది. అందుకే 1 మి.లీ. సిరంజి వద్దు. 30 యూనిట్ల చిన్న సిరంజి, అందులోనూ అర యూనిట్ గీతలున్నది అడగండి. ప్రతి షాపులో ఉండదు, తెప్పించమనాలి. మామూలు పెన్ను యూనిట్‌కి తక్కువ తిరగదు, పిల్లికి అర యూనిట్ తేడా చాలా పెద్దది. ఇక్కడ నేను చెప్పే అంకెలేవీ మీ పిల్లికి మోతాదు కాదు. అది చూసిన డాక్టరే చెప్పాలి.

సూది వెయ్యడం గురించి జనం ఎక్కువ భయపడతారు. నిజానికి అన్నిటికంటే సులువైంది అదే. పిల్లి తింటుండగా పక్క డొక్క దగ్గర చర్మం రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ గుడారం మొదట్లో సూది పెట్టి, మెల్లగా నొక్కి తియ్యడం. వెంట్రుక లాంటి సూది, పండు గిన్నెలోంచి తలెత్తడు. రోజూ ఒకేచోట వేస్తే అక్కడ గట్టిపడుతుంది కాబట్టి పక్కలు మార్చాలి. ఒక్కోసారి సూది అవతలి వైపు తేలి మందు బొచ్చులోకి పోతుంది. తడి తగులుతుంది, ఇన్సులిన్ వాసన కూడా వస్తుంది. అప్పుడు ఎంత పోయిందో, ఎంత లోపలికెళ్లిందో తెలియదు గనక మళ్లీ వెయ్యకూడదు. నేను వేశానా, మా ఆవిడ వేసిందా అన్న అనుమానం వచ్చినా అంతే, ఆ పూటకి మానేయాలి. ఒక పూట మందు పడకపోతే కాస్త ఎక్కువ నీళ్లు తాగుతాడు, అంతకంటే ఏం కాదు. రెండుసార్లు పడితే ప్రాణం పోవచ్చు. వాంతి చేసుకున్నా, ముద్ద ముట్టకపోయినా సూది వెయ్యకముందే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

మందు కంటే నేర్చుకోవాల్సింది పరీక్ష. చెవి అంచు వెంబడి సన్నటి రక్తనాళం ఒకటి పోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెవికి కాసేపు పట్టిస్తే అది ఉబ్బుతుంది. చెవి వెనక దూది పెట్టుకోవాలి, లేకపోతే లాన్సెట్ మన వేల్లో దిగుతుంది. నాళానికీ అంచుకీ మధ్య గుచ్చితే ఆవగింజంత రక్తం వస్తుంది, స్ట్రిప్‌కి అది చాలు. తర్వాత దూదితో కాసేపు అదిమి పట్టుకుని, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టాలి. ఆ ముక్క దగ్గర లోభం చూపించకండి. ఇప్పుడు మీటర్ పెట్టె మూత చప్పుడైతే చాలు, పండు వచ్చి బల్ల మీద కూర్చుంటాడు.

మీటర్ గురించి ఒక మాట. మన రక్తంలో చక్కెర 58 శాతం దాకా ప్లాస్మాలో, మిగతాది ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లి రక్తంలో 93 శాతం ప్లాస్మాలోనే. మనుషుల మీటర్ మన లెక్క ప్రకారం తయారైంది గనక పిల్లి రక్తానికి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. జంతువులకని ఆల్ఫాట్రాక్ మీటర్ ఉంది, దాని స్ట్రిప్పుల ఖరీదు ఎక్కువ. మేం మనుషుల మీటరే వాడుతున్నాం. ఏది వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పి, దాన్నే వాడుతూ ఉంటే ఇబ్బంది లేదు. ఇవాళ ఒక మీటర్, రేపు పక్కింటివారి మీటర్ అంటేనే లెక్క తప్పుతుంది.

ఈ పరీక్షలన్నీ రాయడానికి షాపులో మిగిలిపోయిన అరువు ఖాతా పుస్తకం తీసుకున్నాను. టైము, షుగర్, మందు, తిన్నది, తాగిన నీళ్లు, వారానికోసారి బరువు. బాకీల కోసం గీసిన గళ్లు దీనికి చక్కగా సరిపోయాయి. డాక్టరమ్మ ఆస్పత్రి పరీక్ష కంటే ఈ పుస్తకాన్నే ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే ఇంట్లో పిల్లికి భయం లేదు.

ఆ పుస్తకంలోంచి ఒక రోజు చూడండి. పొద్దున ఏడింటికి 342. సూది పడింది. తొమ్మిదికి 288, పదకొండుకి 196, ఒంటిగంటకి 131, మూడింటికి 148, అయిదుకి 221, రాత్రి ఏడింటికి 305. రెండేసి గంటలకొకసారి చూస్తూ పన్నెండు గంటలు గీసే ఈ లెక్కని డాక్టర్లు గ్లూకోజ్ కర్వ్ అంటారు. నాలాంటివాడి కళ్లు 342 మీదికే పోతాయి. డాక్టరమ్మ వేలు పెట్టింది 131 మీద. రోజులో చక్కెర అన్నిటికంటే కిందికి దిగే చోటు అది. అది 80కి, 150కి మధ్య ఉంటే మోతాదు సరైన దారిలో ఉన్నట్టు. పొద్దుటి అంకె మెల్లగా తనే దిగొస్తుంది, వారాలు పడుతుంది.

అడుగు చూడకుండా పైన చూసి మందు పెంచితే ఏమవుతుందో షాపులోనే చూశాను. గుంటూరు నుంచి ఒకావిడ తన పిల్లికి సిరంజిల కోసం వచ్చారు. పొద్దునపూట ఎప్పుడు చూసినా 380 ఉంటోందని యూనిట్ తర్వాత యూనిట్ పెంచుకుంటూ అయిదు దాకా వెళ్లారు. పిల్లి మధ్యాహ్నాలు మంచం కింద దూరి నక్కి ఉంటోందట, ఎండకేమో అనుకున్నారు. ఒంటిగంటకి ఒక్కసారి పరీక్ష చెయ్యమన్నాను. 58. చక్కెర అంతగా పడిపోతే ఒళ్లు ఊరుకోదు, కాలేయంలో దాచుకున్నదంతా రక్తంలోకి కుమ్మరిస్తుంది, తర్వాత గంటల తరబడి అంకె ఆకాశంలో ఉంటుంది. గ్లార్జిన్ వాడే పిల్లుల్లో ఇలా కావడం అరుదే. అయినా 380కి కారణం మందు తక్కువ కావడమా, ఎక్కువ కావడమా అన్నది పొద్దుటి అంకె ఎప్పటికీ చెప్పదు. ఆవిడని ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి పంపాను, మోతాదు బాగా తగ్గించారు.

అందుకే మార్పు ఎప్పుడూ అర యూనిట్. మార్చాక కనీసం అయిదు నుంచి ఏడు రోజులు ఆగాలి, గ్లార్జిన్ ప్రభావం కుదురుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. మనుషుల్లో చక్కెర చూడటానికి వాడే లిబ్రే సెన్సర్‌ని భుజాల మధ్య బొచ్చు తీసి అంటించే పద్ధతీ వచ్చింది. చెవి గుచ్చకుండా రాత్రంతా లెక్క దొరుకుతుంది. 14 రోజులు ఉండాల్సింది, గోక్కునే పిల్లి అయితే అంతకాలం ఉంచదు. పండు ఉంచలేదు.

షుగర్ పడిపోవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చక్కెర నెలల మీద చంపుతుంది, తక్కువ చక్కెర గంటల్లో చంపుతుంది. 60 కంటే దిగితే ప్రమాదం. తూలడం, శూన్యంలోకి చూడటం, అకస్మాత్తుగా ఆబగా తినడం, లేదా పిలిచినా పలక్కపోవడం, చివరికి ఫిట్స్. తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనె గానీ, చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ వేలితో చిగుళ్లకి రాయాలి. నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే వేలు కూడా పెట్టొద్దు, కొరుకుతుంది. రాసి, తేరుకున్నా సరే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మీటర్ తక్కువ చూపిస్తుందిగా, నిజానికి 70 ఉండొచ్చులే అని బేరాలు పెట్టుకోకండి. మా ఫ్రిజ్ మీద తేనె సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎవరూ నిమ్మరసంలోకి తియ్యరు.

దీనికి ఎదురు చివర ఉన్నది కీటోన్లు. ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంటే అవి పేరుకుని, పిల్లి తిండి మానేసి, వాంతులతో నీరసించిపోతుంది. అది ఇంట్లో చూసే జబ్బు కాదు, అదే రోజు ఆస్పత్రి.

ఎండాకాలం మా వైపు కరెంటు పోతే గంటలు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, మాటిమాటికీ తెరుస్తాం. ఫ్రిజ్ లేని పల్లెల వాళ్లకి నేనెప్పటినుంచో చెప్పే ఉపాయం మట్టికుండ. కుండలో కాసిన్ని నీళ్లు, అందులో చిన్న ముంత, ముంతలో గుడ్డ చుట్టిన సీసా. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు గానీ బయట ఎండ కంటే ఎంతో నయం. కరెంటు పోయినప్పుడు పండు మందుకీ అదే గతి.

తిండి మార్చడం దగ్గర మా ఇంట్లో పెద్ద యుద్ధం జరిగింది. పిల్లి మాంసాహారి. పిండిపదార్థాలని ఖర్చుపెట్టే ఏర్పాటు దాని కాలేయంలో మనకున్నంత లేదు. అన్నం, పొడి గుళికలు రెండూ పిండిపదార్థాలతో నిండినవే. మాంసకృత్తులు ఎక్కువ, పిండి తక్కువ ఉండే తడి తిండి కావాలి. అలాగని ఒట్టి ఉడికించిన కోడిమాంసమే పెడితే కాల్షియం అందదు, వండటంలో టారిన్ పోతుంది. టారిన్ లోటుతో పిల్లుల గుండె కండరం దెబ్బతింటుందని 1987లో తేలింది. కాబట్టి డాక్టర్ చెప్పిన డబ్బా తిండే ఎక్కువ, కోడి ముక్క లంచానికి మాత్రమే. ఇంకో జాగ్రత్త, తిండిలో పిండి తగ్గితే అవసరమైన ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. తిండి ఒక్కరోజులో మార్చేసి, మోతాదు పాతదే ఉంచితే లో షుగర్ ఖాయం.

ఇంత శ్రమ ఎందుకంటే, పిల్లుల్లో ఈ జబ్బు వెనక్కి తగ్గవచ్చు. 2009లో కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ ప్రచురించిన పరిశోధనలో 55 పిల్లులకి వాటి యజమానులే ఇంట్లో పరీక్షలు చేస్తూ గ్లార్జిన్ ఇచ్చారు. 64 శాతం పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. జబ్బు తేలిన ఆరు నెలల లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం, ఆలస్యమైనవాటిలో 35. నేను ఏ మందు డబ్బా మీదా ఇంత మంచి వార్త చదవలేదు.

మాత్ర లేదా అని అందరూ అడుగుతారు. అమెరికాలో 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్ర, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రావణం పిల్లులకి అనుమతి పొందాయి. మూత్రంలోకి చక్కెరని తోసేసే మందులవి, రోజుకి ఒకసారి. అయితే అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకి ఇవ్వకూడదు. పైగా రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తుండగానే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. పండుకి ఆ దారి మూసుకుపోయినట్టే.

వాడిప్పుడు అయిదు కిలోలున్నాడు, వేళ్ల మీద నడుస్తున్నాడు, పూటకి అర యూనిట్ దగ్గర ఉన్నాడు. అది కూడా ఆపి చూద్దామని డాక్టరమ్మ అంటున్నారు. మందు లేకుండా కనీసం నాలుగు వారాలు చక్కెర మామూలుగా ఉంటేనే తగ్గినట్టు లెక్క, కొన్ని పిల్లులకి తర్వాతైనా తిరగబెడుతుంది. అందుకని సూది ఆగినా చెవి పరీక్ష ఆగదు. స్ట్రిప్పులు ఇంకో రెండు డబ్బాలు పంపమని మావాడికి చెప్పాను. పంపాడు. నా పేరు మీద అరువు ఖాతాలో రాసుకున్నాడు.